నేపథ్య శబ్దం

ఆ వేసవిలో కెనడాలోని మా బ్రాంప్టన్ ఇంట్లో ఇద్దరు కొత్తగా చేరారు. బేస్‌మెంట్‌లో తేజశ్రీ, సోఫాలో మా ఆయన.

తేజశ్రీ సిద్దిపేట పిల్ల. వచ్చిన ప్రతి విమానమూ పియర్సన్‌లో మన పిల్లల్ని గుమ్మరించి పోతున్న రెండు వేల ఇరవై మూడు అది. మా వీధిలో ఏ ఇంటి పక్కతలుపు దగ్గర చూసినా బూట్ల గుట్టే. బస్సులో ఎవరినైనా తిట్టుకోవాలంటే తెలుగు ఇక అక్కరకు రాదని అందరం గొంతు తగ్గించడం నేర్చుకున్నాం. ఈ పిల్ల అంతర్జాతీయ అభివృద్ధి ప్రాజెక్టుల నిర్వహణ అనే కోర్సులో చేరింది. ఊళ్ళో ఎవరైనా అడిగితే వాళ్ళమ్మ "కంప్యూటర్లే" అని చెప్పేదట, ఊపిరి మిగులుతుందని.

మా ఆయన మల్లికార్జున్ మాత్రం ఏ కోర్సూ చదవడం లేదు. బ్యాంకులో ఆయన కాంట్రాక్టు ఏప్రిల్‌లో ముగిసింది. అప్పటినుంచి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఉద్యోగాలకు అప్లై చేస్తూ, మధ్యమధ్య నేను వంకాయలు ఎలా తరుగుతున్నానో పరిశీలించి సలహాలు ఇస్తూ ఉండేవారు. పదిహేడేళ్ళుగా తరుగుతున్న వంకాయలకి అప్పుడు దొరికాడొక మేనేజరు.

వీళ్ళిద్దరి ఆశా ఒక్కరి మీదే. అనంత్ గారు.

అనంత్ గారిది నెల్లూరు. అమెరికాలో కొన్నేళ్ళుండి ఇటు వచ్చారు. మాకు దగ్గర్లోనే, ఎటోబికోలో గోదాముల మధ్య చిన్న ఆఫీసు. యుద్ధాలు అయిపోయిన దేశాలకు డబ్బున్న దేశాలు సాయం పంపుతాయి కదా, ఇళ్ళు కట్టిస్తాయి, బావులు తవ్విస్తాయి. ఆ సాయం నిజంగా సాయపడిందా అని వెళ్ళి చూసి, జనాన్ని అడిగి, ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేయించి, రిపోర్టు రాయడం ఆయన కంపెనీ పని. ఇచ్చేవాళ్ళు ఒక చోట, కట్టేవాళ్ళు ఒక చోట, అందులో ఉండేవాళ్ళు ఇంకో చోట. బాగుందా లేదా అని తేల్చేవాళ్ళు మాత్రం ఎటోబికోలో.

తేజశ్రీ ఆయన దగ్గర కోర్సులో భాగమైన పని, కో-ఆప్ అంటారు, జీతం లేకుండా చేస్తోంది. బాగా చేసిందని ఆయన ఉత్తరం ఇస్తేనే కోర్సు పూర్తవుతుంది. మా ఆయనకు ఆగస్టులో డేటా పని ఇస్తానని ఆయన మాట ఇచ్చారు. ఇక నాకేం మిగిలింది? నేను తిరుపతిలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదివాను. ఆ చదువంతా ఆ వేసవిలో అనంత్ గారి చేపల పులుసులో మామిడికాయ ఎంత పులుపుండాలో తేల్చడానికి ఖర్చయింది.

బేస్‌మెంట్‌లో వైఫై సరిగ్గా అందదు. అందుకని తేజశ్రీ పగలంతా మా డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చుని పని చేసుకునేది. అప్పుడు చేస్తున్నది శ్రీలంక రిపోర్టు. అక్కడ తూర్పు తీరంలో యుద్ధం ఆగాక, దిక్కులేకుండా తిరుగుతున్న కొన్ని కుటుంబాలకు కొత్త చోట ఇళ్ళు కట్టించి, ఒక లోతు బావి తవ్వించారు. అది బాగుందో లేదో అడగడానికి ఫిబ్రవరిలో అనంత్ గారు, కంపెనీలో ఆయన భాగస్వామి మార్గరెట్ అనే ఒటావా ఆవిడా స్వయంగా వెళ్ళారు. ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి, మధ్యలో రికార్డర్ పెట్టారు. అనంత్ గారు ఇంగ్లీషులో అడిగితే ఒక స్కూలు మాస్టారు తమిళంలో అడుగుతాడు, ఆడవాళ్ళు తమిళంలో చెప్పింది మళ్ళీ ఇంగ్లీషులోకి మారుస్తాడు. తేజశ్రీ పని ఆ ఇంగ్లీషు కాగితాన్నీ రికార్డింగునీ సరిచూడటం. మాస్టారు మార్చని మాటలు ఎక్కడైనా వినిపిస్తే "నేపథ్య శబ్దం" అని రాసేయమన్నారు అనంత్ గారు. కుక్క అరిచినా అంతే, ఆడది మాట్లాడినా అంతే.

జూన్‌లో ఒక పొద్దున నేను గోంగూర తుంచుతున్నాను. తేజశ్రీ ఇయర్‌ఫోన్లు పాడై స్పీకర్‌లో వింటోంది. వెనక నుంచి ఎవరో ఆడగొంతు చిన్నగా అంటోంది:

"అయిదు అని చెప్పవే. అయిదంటే లేచి పోతాడు. మూడంటే, మూడెందుకని పొద్దుగూకేదాకా కూర్చుంటాడు."

నేను తల ఎత్తకుండానే, ఎవరే ఆవిడ, మా చిత్తూరావిడలా ఉందే అన్నాను.

తేజశ్రీ రికార్డింగు ఆపేసింది. నా వైపు తిరిగి, "గిది తెలుగేనా ఆంటీ?" అంది. "నాకూ అట్లనే అనిపిచ్చింది. శ్రీలంకల తెలుగేందని ఊకున్న."

గోంగూర అక్కడే వదిలేశాం. మళ్ళీ వేసి విన్నాం. కొన్ని మాటలు ఆ పిల్లకు అందలేదు, నాకు అందాయి. మా అవ్వ అనే మాటలవి, మా అమ్మ తరంలోనే పోయినవి. ఆ మధ్యాహ్నం వెతికితే తెలిసింది: శ్రీలంకలో పాములాడించుకుంటూ, సోది చెప్పుకుంటూ తరతరాలుగా తిరిగే కుటుంబాలున్నాయట. బయట తమిళమో సింహళమో మాట్లాడతారు, తమలో తాము తెలుగు మాట్లాడుకుంటారు. తిరుగుడే బతుకైన మనుషులకు యుద్ధంలో ప్రతి మలుపులోనూ చెక్‌పోస్టు. తర్వాత ఒక చోట కూర్చోబెట్టి ఇళ్ళిచ్చారు.

ఇంక మూడు రోజులు మా ఇంట్లో వంట నామమాత్రమే. ఆ రికార్డింగులో రెండు సమావేశాలు జరుగుతున్నాయి. పైన తమిళంలో, ఇల్లు బాగుంది, బావి బాగుంది, అందరికీ నమస్కారం. కింద తెలుగులో, బావి నీళ్ళు ఉప్పన, సబ్బు నురగ రాదు, పిల్లల ఒళ్ళంతా దురదలు. చెప్పకండే, వెనక ఆ ఆఫీసాయన నిలబడ్డాడు, మన ఇళ్ళ పట్టాలు ఇంకా ఆయన చేతిలోనే ఉన్నాయి. వాళ్ళందరి మధ్యలో ఒక ముసలావిడ గొంతు. తక్కిన వాళ్ళు అవ్వా అంటున్నారు కాబట్టి మేమూ అవ్వా అనుకున్నాం. ఆవిడ మాట్లాడితే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నారు.

"నిన్న ఆ బావి నీళ్ళు పాముకి పోసినాను. బుట్టలోంచి లేచి నా మొగం పక్కే చూసింది. కరవడానికి కాదు. నా మీద నీకేం పగే, అని."

తేజశ్రీ టేబుల్ మీద తల పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే, కొంచెం వెనగ్గా మార్గరెట్ గొంతు వినిపించింది, వీళ్ళు తమలో తాము మాట్లాడేది ఏం భాష అని. అనంత్ గారు ఇంగ్లీషులో జవాబిచ్చారు. ఏదో స్థానిక యాస, తనకు తెలియదట.

నవ్వు ఆగిపోయింది. నెల్లూరు మనిషికి ఈ తెలుగు తెలియదా? ఆ రోజు తుంచుతున్న గోంగూర పసరు నా చేతికి ఉంది. ఆ చేత్తోనే నుదురు పట్టుకున్నట్టున్నాను, మా అబ్బాయి బన్నీ స్కూలు నుంచి వచ్చి, "అమ్మా, వై ఆర్ యు గ్రీన్?" అన్నాడు.

మామూలు సంగతి అయితే ఊరుకునేదాన్నే. ఈ రిపోర్టులో బావికి అయిదు మార్కులు పడితే, అదే గుత్తేదారుతో అదే తీరం పొడుగునా మరిన్ని ఊళ్ళలో అలాంటి బావులే తవ్విస్తారు. రిపోర్టు జులై ఆఖరికి పంపాలి. ఆ ఆడవాళ్ళ మాటలు అందులోకి ఎక్కితే ఆగుతారు. నేపథ్య శబ్దమైతే తవ్వుతారు.

తేజశ్రీ మర్నాడు ఆఫీసుకు వెళ్ళి అనంత్ గారికి చెప్పింది. సాయంత్రం బస్సు దిగి వచ్చినప్పుడు దాని మొహం చూస్తేనే తెలిసింది. అది తెలుగు కాదన్నారట. ఎవరో సంచార జాతి యాస, ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాదు, మన ఒప్పందం తమిళానికే, నువ్వు చేసే పని వినడం కాదు, సరిచూడటం అన్నారట. చివర్లో నవ్వుతూ, నీ ఉత్తరం గురించి నువ్వు ఆలోచించుకో అమ్మా అన్నారట.

మా ఆయనకు చెప్పాను. ఆయన సోఫాలోంచి లేచి మరీ విన్నారు, ఆ నెలల్లో అది పెద్ద గౌరవం. విని, "నువ్వు అనవసరంగా దూరకు చాముండీ. ఆగస్టు దాకా ఊరుకో," అన్నారు. ఆగస్టు తర్వాత ఆ బావులు ఎలా ఆపాలో మాత్రం చెప్పలేదు. ఆ రాత్రి వంకాయలు ఆయనకే ఇచ్చి తరగమన్నాను. ఆయన తరిగిన ముక్కలు చూసి నేనేమీ సలహా ఇవ్వలేదు. అంతకంటే కోపం చూపించడం నాకు అప్పటికి చేతకాలేదు.

తర్వాతి ఆదివారం అనంత్ గారు భోజనానికి వచ్చారు. ఆయన నన్ను ఎప్పుడూ పూర్తి పేరుతో పిలుస్తారు, హాజరు వేసుకుంటున్నట్టు. చాముండేశ్వరి గారూ, పులుసు వాసన వీధి చివరికి వస్తోందండీ, అంటూ కూర్చున్నారు. ఉద్యోగం మాట ఎత్తి మా ఆయన భుజం తట్టారు. నేను చేప ముక్క వేసి, వంటింటి స్పీకరు మెల్లగా పెట్టాను.

ఆడవాళ్ళ గొంతులు మొదలవగానే తేజశ్రీ మంచినీళ్ళ జగ్గు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అనంత్ గారు తల ఎత్తి, ఆదివారం కూడా పనేనా ఈ పిల్లకి అన్నారు.

"పనికి కాదండీ," అన్నాను. "అర్థం కాని భాష కదా, పాటలా ఉంటుందని పెట్టాను."

ఆయన ముల్లు తీసుకుంటూ తింటున్నారు. మా ఆయన నా వైపు చూస్తున్నారు, టేబుల్ కింద నా కాలు వెతుకుతున్నారు తొక్కడానికి. నేను కాళ్ళు వెనక్కి పెట్టుకున్నాను.

స్పీకర్‌లో అవ్వ గొంతు వచ్చింది. "నిన్న ఆ బావి నీళ్ళు పాముకి పోసినాను. బుట్టలోంచి లేచి నా మొగం పక్కే చూసింది."

అనంత్ గారు నవ్వారు. అన్నం ముద్ద నోట్లో ఉండగా, భుజాలు కదిలేలా, ఆపుకోబోయి ఆపుకోలేక నవ్వారు.

ఆ తర్వాత అవ్వ తక్కిన మాట చెప్పింది. కరవడానికి కాదు, నా మీద నీకేం పగే, అని. అప్పుడు అక్కడి ఆడవాళ్ళు నవ్వారు.

మా ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆయన మంచివారే. బుర్ర కూడా ఉంది, కాకపోతే ఆలస్యంగా వెలుగుతుంది. ఆ రోజు మాత్రం వెంటనే వెలిగింది. "వాట్ ఈజ్ సో ఫన్నీ?" అని బన్నీ అందర్నీ అడిగాడు. నేను అనంత్ గారి కంచంలో ఇంకో ముక్క వేశాను.

ఆయన నీళ్ళు తాగి, తువ్వాలుతో మూతి తుడుచుకుని మాట్లాడారు. అబద్ధం ఆడలేదు. ఒప్పుకున్నట్టూ లేదు. పాఠం చెప్పినట్టు చెప్పారు. "మీకు తెలియదు చాముండేశ్వరి గారూ. నేను వాళ్ళ భాషవాణ్ణని తెలిసిన క్షణం నన్ను చుట్టాన్ని చేసేస్తారు. చుట్టం మార్కులు వెయ్యలేడు." పని పద్ధతే అదట. అడిగేవాడు గాజు పలకలా ఉండాలట.

గాజు పలక చేపల పులుసు రెండోసారి వేయించుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. మార్గరెట్‌తో ఆ భాష తెలియదని ఎందుకన్నారని నేను అడగలేదు. అడగకుండానే తెలిసింది. ఒటావా ఆవిడ పక్కన టొరొంటో మేధావిగా కూర్చున్న మనిషి, పాములవాళ్ళ ముందు నేలకు దిగి ఒరే, అవ్వా అనాలంటే ఎంత బరువో. గరిటె కింద పెట్టేశాను.

"సరే, ఒక్క ఫోన్ చేయండి," అన్నాను. "ఆఫీసాయన లేకుండా, మాస్టారు చేత అవ్వ దగ్గరికి ఫోన్ పంపించండి. మీరే తెలుగులో అడగండి. నీళ్ళు బాగున్నాయని చెప్తే తేజశ్రీ మీరు చెప్పినట్టే రాస్తుంది. నేనూ నోరెత్తను. బాగాలేవంటే మొత్తం రాయాలి."

ఆయన తేలిగ్గా ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారో ఆ క్షణంలో నాకు తట్టలేదు. బాగున్నారా అని అడిగి బాగున్నామనిపించుకోవడమే ఆయన జీవితకాలపు వృత్తి.

శనివారం మాకు పొద్దున, వాళ్ళకు సాయంత్రం. అదే టేబుల్. ఫోను మధ్యలో పెట్టి స్పీకర్ ఆన్ చేశారు. తేజశ్రీ లాప్‌టాప్ తెరిచి కూర్చుంది. ఉత్తరం సంగతి నువ్వు మర్చిపోయి రాయి అని నేను చెప్పగలనా? మా ఆయన సోఫాలో కాదు, గోడకు ఆనుకుని నిలబడ్డారు.

మాస్టారు ఫోను అవ్వ గుమ్మం ముందుకు తీసుకెళ్ళానని ఇంగ్లీషులో చెప్పి, పక్కకు తప్పుకున్నాడు. చుట్టూ ఎవరెవరో చేరుతున్న సవ్వడి. అనంత్ గారు గొంతు సవరించుకుని, మంచి స్పష్టమైన తెలుగులో అడిగారు.

"అమ్మా, కెనడా నుంచి మాట్లాడుతున్నాం. మీ బావి నీళ్ళు బాగున్నాయా?"

అవతల ఎవరో గుసగుసగా ఇంకెవరినో అడిగారు. కెనడా నుంచి మా మాట ఎలా వస్తోందని కాబోలు. చివరికి ఒక పడుచు గొంతు, పాఠం అప్పజెప్పినట్టు, "బాగుండాయి దొరా," అంది.

అనంత్ గారు నా వైపు చూసి అరచేతులు తెరిచి చూపించారు. అంతే. గెలిచిన మనిషి మొహం అది కాదు, మొదటినుంచీ తెలిసిన మనిషి మొహం. అది ఇంకా అన్యాయం.

నేను లేచి ఫోను దగ్గరికి వంగాను. ఏం అడగాలో అనుకోలేదు. ఏ ఇంట్లో గుమ్మం దగ్గర నిలబడినా అడిగేదే నోట్లోంచి వచ్చింది.

"అవ్వా, ఈ పూట ఏం వండినావు?"

అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఆ గొంతు, మూడు వారాలుగా మా ఇంట్లో తిరుగుతున్న గొంతు, నేరుగా నాతో మాట్లాడింది.

"ఏం వండేది తల్లీ. పప్పేసినా. పొద్దున పొయ్యి మీద పెట్టిన పప్పు, ఇంకా రాళ్ళగానే ఉండాది. ఈ నీళ్ళకి ఉడకదు. పుల్లలు కాలిపోతాయి గానీ పప్పు ఉడకదు. నువ్వెవరమ్మా?"

నేను చాముండినని, చిత్తూరు పక్కనని, ఇంట్లో వంట చేసుకునేదాన్నని చెప్పాను. వంట చేసుకునేదానివా, అయితే విను, అంది ఆవిడ. ఇక మేము అడిగింది లేదు. ఒకరి తర్వాత ఒకరు ఫోను దగ్గరికి వచ్చారు. మంచినీళ్ళకి రోడ్డు దాకా పోయి ట్యాంకరు కోసం పడిగాపులు పడుతున్నారు, బడికి పోవాల్సిన ఆడపిల్లలు బిందెలు పట్టుకుని. ఇళ్ళు మాత్రం మంచివే, గోడలు గట్టివి, ఆ మాట కూడా రాయమన్నారు. అంతకు ముందున్న చోట నీళ్ళు తియ్యగా ఉండేవి, ఇల్లు లేదు. ఇక్కడ ఇల్లుంది. రెండూ ఒక్కచోట ఇయ్యడం ఆ దొరలకు రాదా అని ఎవరో అడిగారు. తేజశ్రీ వేళ్ళు ఆగకుండా టైపు చేస్తున్నాయి.

నాకప్పుడు పట్టాల సంగతి గుర్తొచ్చి, ఇదంతా రాయమంటావా అవ్వా, మీకేమైనా అవుతుందా అని అడిగాను. ఆవిడ తనవాళ్ళతో కొంచెంసేపు మాట్లాడి వచ్చింది.

"మాటలు రాయండి. పేర్లు రాయొద్దు," అంది. ఆగి, "ముందు అడిగినాయన ఎవరు? ఆ గొంతు నాకెరికే. మా కాడికొచ్చి కుర్చీలో కూసున్న దొర గదా," అంది.

అనంత్ గారు అవునమ్మా అన్నారు. ఇంకేం అంటారు.

"నీకు మా మాట వస్తాదా?"

ఆయన ఫోను వైపు చూస్తున్నారు.

"మేమనుకునేదంతా అప్పుడే ఇన్నావా?"

గోడ దగ్గర మా ఆయన, నలుగురికీ వినబడేలా, చెప్పండి అనంత్ గారూ అన్నారు. మా ఇంటికి ఆగస్టులో రావాల్సిన జీతం ఆ మూడు మాటల్లో పోయింది. పోతుందని తెలిసే అన్నారు.

అవ్వే మళ్ళీ మాట్లాడింది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదేమో.

"మేము బాయి నీళ్ళే తాగతాం గదా నాయనా. నీకు రోడ్డు కాడ అంగట్లోంచి సీసా నీళ్ళు ఎందుకు తెప్పిచ్చినామనుకున్నావు?"

అంతలో అక్కడ చార్జింగ్ అయిపోయి ఫోను ఆగిపోయింది. అనంత్ గారు బూట్లు వేసుకుని వెళ్ళిపోయారు. కాఫీ అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

మాట మాత్రం నిలబెట్టుకున్నారు, చాలా భాగం. తేజశ్రీ పంపిన రాతలో నీళ్ళ గురించి ఒక్క అక్షరం ఆయన కొట్టెయ్యలేదు. పప్పు ఉంది, బిందెలు ఉన్నాయి, ట్యాంకరు ఉంది, పాము కూడా ఉంది. చివర్లో అవ్వ ఆయన్ని అడిగిన మూడు ప్రశ్నలూ లేవు. ఎరుపు గీత గీసి తీసేశారు. ఇది సరిచేసి పంపు, నీ ఉత్తరం సంతకం పెట్టి సిద్ధంగా ఉంచాను, అని రాశారు.

తేజశ్రీ అది పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను బట్టలు మడతపెడుతున్నాను. చదివి, మళ్ళీ దుప్పటి అందుకున్నాను. కోపం నాది, పోయేది ఆ పిల్లది. తీసెయ్యమని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ముఖ్యమైనవన్నీ ఉన్నాయి కదా, నీ చదువు ముఖ్యం కదా అని.

"పంపిన ఆంటీ," అంది తేజశ్రీ.

ఎలా పంపావని అడిగాను.

"మూడు మాటలూ మళ్ళ పెట్టి పంపిన. సార్‌కి, మార్గరెట్ మేడమ్‌కి, ఇద్దరికీ." చెప్పేసి నా చేతిలోని దుప్పటి రెండో కొస పట్టుకుంది, మడత పెట్టడానికి.

దాని ఫలితాలు తర్వాత తర్వాత తెలిశాయి. ఆ తీరంలో కొత్త బావులు ఆపి, ముందు నీళ్ళు పరీక్ష చేయించమన్నారు. అవ్వ వాళ్ళ బావి మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది. తవ్వేసిన దానికి ఇంకో ప్రాజెక్టు రావాలట, దానికి ఇంకో యుద్ధం కావాలేమో. తేజశ్రీకి ఉత్తరం రాలేదు. ఆ టర్మ్ ఇంకో చోట మళ్ళీ చేసింది, ఒక చలికాలమంతా గోదాములో రాత్రి షిఫ్టులు చేస్తూ. మా ఆయన కాల్గరీ వాళ్ళ ఆయిల్ కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తున్నారు. సోఫా వదిలి టేబుల్ దగ్గరికి మారారు, నా వంకాయలు మళ్ళీ నావయ్యాయి.

ఇవన్నీ తర్వాత. తేజశ్రీ పంపిన రోజు, దుప్పట్లింకా అయిపోకముందే నా ఫోను మోగింది. అనంత్ గారు. అరవలేదు, పద్ధతైన మనిషి. ఎప్పట్లాగే పూర్తి పేరుతో పిలిచి, నెమ్మదిగా అడిగారు.

"చాముండేశ్వరి గారూ, మొత్తం ఒప్పుకున్నాను కదా. ఆ చివరి ప్రశ్నలు నా గురించి. నీళ్ళ గురించి కాదు. రిపోర్టులో వాటికేం పని?"

"నీళ్ళ గురించి ఆవిడ మిమ్మల్ని అడిగింది అవి మాత్రమేనండీ," అని ఫోను పెట్టేశాను.